పావగడలో వంశవృక్షం

పటములో చూచిన వారికి పావగడ తాలూకా అసలు కర్నాటక భూమేనా అన్న సందేహం కలుగుతుంది. మూడు దిక్కులా ఆంధ్రదేశమే. ఒక ప్రక్క మడకశిర, ఒక ప్రక్క రొద్దం, పెనుకొండ, పైన కల్యాణదుర్గం సీమ. తుమకూరు జిల్లాలోనిదే అయినా జిల్లాకు దూరపు చుట్టంలా విడిగా కూర్చున్నట్టు వుంటుంది. పావగడ అన్న పేరే పాముకొండ అన్న తెలుగు మాట నుంచి వచ్చిందంటారు. యిండ్లలో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. అర్జీ కన్నడంలో వ్రాస్తారు, దాన్ని గురించిన పోట్లాట తెలుగులో సాగుతుంది. బెంగుళూరులో మూడు తరాలుగా కాపురమున్న మన సంఘం కుటుంబాలలో పావగడ మూలం గల వారు కొందరైనా వుంటారు కాబట్టి యీ ప్రయాణం సంగతి వారికి రుచిస్తుందని వ్రాస్తున్నాము.

మేము ముగ్గురం బయలుదేరాము. మా అన్నగారు, మా యింటావిడ, మేము. బెంగుళూరు నుంచి నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు. కొరటగెరె దాటితే మధుగిరి ఏకశిల కనబడుతుంది. ఆ కొండను చూచి నోరు తెరవని పిల్లలు లేరు, మేమూ యీ వయస్సులో తెరిచాము. మిడిగేశి దాటిన తరువాత చింతచెట్లు పలుచనై, వేరుసెనగ చేలు, రాళ్లగుట్టలు, కంపచెట్లు మొదలవుతాయి. బస్సులో కండక్టరు పలకరింపు కూడా యెక్కడో ఒకచోట తెలుగులోకి మారిపోతుంది. సరిగ్గా యెక్కడ మారుతుందో కనిపెట్టాలని మేము ప్రతిసారీ అనుకుంటాము. ప్రతిసారీ కునుకు పడుతుంది.

వెళ్లిన పని పౌతి ఖాతా. తెలియని వారి కోసం చెబుతున్నాము: భూమి యెవరి పేర వున్నదో ఆయన చనిపోతే, పహణీలో ఆ పేరు తీసి వారసుల పేర్లు యెక్కించడాన్ని యిక్కడ పౌతి ఖాతా అంటారు. మా తాతగారు 1975లో పోయారు. ఆరెకరాల మెట్టభూమి యింకా ఆయన పేరనే వున్నది. యాభై యేండ్లు యెవరికీ తొందర పుట్టలేదు. వాన పడితే వేరుసెనగ, పడకపోతే యేమీ లేదు. అటువంటి భూమికి ఖాతా మార్చుకోవడానికి బస్సు ఛార్జీలు దండగ అనేవారు మా నాన్నగారు. ఆయనా పోయారు. యిప్పుడు ఆ ప్రక్కనే సర్కారు సూర్యరశ్మితో కరెంటు తీసే పార్కు వచ్చి భూముల సంగతే మారిపోయింది. ఆ విషయం తరువాత చెబుతాము.

ఖాతా మార్పుకు మొదట కావలసినది వంశవృక్షం. యిది పురాణాలలోది కాదు, నాడకచేరిలోది. తాతగారు, ఆయన భార్య, బిడ్డలు, మనుమలు, చనిపోయినవారు యెవరు, వున్నవారు యెవరు, అంతా చెట్టుకొమ్మలుగా గీసి, స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం జతచేసి యివ్వాలి. ఆడబిడ్డల పేర్లు తప్పనిసరి. మా మేనత్తగారి పేరు రాకుండా మేము అడుగు ముందుకు వేయలేము, వేయకూడదు కూడా. ప్రమాణపత్రం చివర ఒక వాక్యం వుంటుంది: పైన చెప్పినవారు తప్ప వేరే వారసులు లేరు. మేము బెంగుళూరులో ఒక వకీలుగారి ఆఫీసులో గుమాస్తా కాబట్టి ఆ వాక్యాన్ని యెన్నివందల సార్లు టైపు చేశామో లెక్కలేదు. యెన్నడూ దాని మీద వేలు ఆగలేదు. యీసారి మా అన్నగారు సంతకం పెట్టకుండా కలం క్రింద పెట్టారు.

కారణం అమెరికాలో వున్నది.

అన్నగారి అమ్మాయి అక్కడ వుద్యోగం చేస్తున్నది. ఆ దేశంలో ఒక చిన్న గొట్టంలో వుమ్మి వేసి పోస్టులో పంపితే మన డి.ఎన్.ఎ. చదివి, అదే కంపెనీకి వుమ్మి పంపిన వారందరిలో మనకు రక్తబంధువులు యెవరో పట్టిక యిస్తారు. పోయిన యేడు అన్నగారు కూతురి దగ్గర ఆరునెలలు వుండి వచ్చారు. అమ్మాయి సరదాకు తనదీ తండ్రిదీ యిద్దరిదీ పంపింది. మనవాళ్లు అటువంటి పట్టికలలో యింకా తక్కువే కాబట్టి దూరపు బంధువులు నలుగురైదుగురు వచ్చారు, అంతే. ఆరునెలల తరువాత ఒక కొత్త పేరు వచ్చింది. అక్కడే చదువుకుంటున్న ఒక అమ్మాయి. అన్నగారికీ ఆమెకూ నూటికి నాలుగు పాళ్లు కలిసింది. ఆమె మర్యాదగా ఒక జాబు వ్రాసింది: మా తాతగారిది పావగడ తాలూకాలో ఫలానా వూరు, మీదేవూరు, మనం యేమవుతామో మీకేమైనా తెలుసునా అని. ఆ ఫలానా వూరు మావూరే. ఆ తాతగారి యింటిపేరు మా వూళ్లో అందరికీ తెలిసినదే. కులం వేరు. వాళ్లవాళ్లు మా పొలాల్లో కూలికి వచ్చేవారు. వూరి పేరు యిక్కడ వ్రాయము, ఆ తాతగారు యింకా బ్రతికే వున్నారు.

యీ పాళ్ల లెక్క కొంచెం చెప్పాలి. తల్లికీ బిడ్డకూ, తండ్రికీ బిడ్డకూ సగం కలుస్తుంది. తాతకూ మనుమడికీ సుమారు పాతిక పాళ్లు. అన్నదమ్ముల బిడ్డలకు పన్నెండున్నర. తరం దిగినకొద్దీ సగం సగం తరుగుతూ పోతుంది. అయితే యివి సగటులే, ఒకరికి యెక్కువ ఒకరికి తక్కువ రావడం మామూలు. నూటికి నాలుగు అంటే యేదో దగ్గర చుట్టరికమే. ఏది అన్నది అంకె చెప్పదు. తెల్లవాళ్ల దేశంలో అంకెను బట్టి వావి వూహించడం కొంత సులువు. మన దేశంలో మేనరికాలు వుండనే వున్నవి. మా అమ్మ మా తాతగారి చెల్లెలి కూతురు. అంటే ఆ యింటి రక్తం మా అన్నగారికి రెండు త్రోవల వచ్చింది. అదీగాక మనవాళ్లు కులంలోపలే పెండ్లిండ్లు చేసుకుంటూ వందల యేండ్లు గడిపారు. కాబట్టి ఒకే కులంవాళ్లు యిద్దరిని తీసుకుంటే వున్నదానికంటే దగ్గరివాళ్లలా కనబడతారు. ఆంధ్రదేశపు వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్సకు ముందు యిచ్చే ఒక మందు ఒంటికి సరిపడక, కండరాలు చాలాసేపు కదలకుండా పోవడం వైద్యులకు తెలిసిన సంగతే. దానికి మూలం కూడా కొద్దిమంది పూర్వుల నుంచి దిగివచ్చిన వంశలక్షణమేనని హైదరాబాదు శాస్త్రజ్ఞులు, అమెరికా వారు కలిసి 2017లో ప్రకటించిన పరిశోధనలో వ్రాశారు. అయితే యీ అమ్మాయి కులం వేరు కనుక పాత చుట్టరికం అనుకోవడానికి వీలులేదు. యీమధ్యనే, రెండుమూడు తరాలలోపలే, రక్తం కలిసి వుండాలి.

అన్నగారి అమ్మాయి లెక్కలలో గట్టిది. కాగితం మీద వేసి పంపింది. ఆ పెద్దాయన మా తాతగారి కొడుకైతే, మేనరికం కలుపుకొని, నాలుగున్నర రావాలి. మా తాతగారి తమ్ముడి కొడుకైతే మూడు రావాలి. వచ్చినది నాలుగు. అంకె నడిమి గట్టు మీద నిలుచున్నది.

యిక్కడొక మాట ఒప్పుకోవాలి. మాలో చాలామందికి ఆ మూడు నచ్చింది. చిన్నతాతగారు పెండ్లి లేకుండానే పోయినవారు. ఆయనకు భార్య లేదు, బిడ్డలు లేరు, నొచ్చుకునేవారు లేరు. చిన్నతాతగారే అయివుంటారని బెంగుళూరులో మా పెదనాన్న కొడుకులు, పినతండ్రి కొడుకులు అందరూ టెలిఫోనులో ఒకే గొంతుతో తేల్చేశారు. మా తాతగారి పటం యింటింటా గోడమీద వున్నది గదా.

రాత్రి పావగడలో బస. శని మహాత్ముని గుడి వీధిలో ఒక సత్రం వంటి లాడ్జి. శనివారం కాకపోవడం వల్ల గది దొరికింది. శనివారమైతే, శ్రావణమాసమైతే మరీను, కాలుపెట్టే చోటు వుండదు. మూడు రాష్ట్రాల నుంచి జనం వస్తారు. కొండమీద పాళెగార్ల నాటి కోట గోడ చీకట్లో కూడా గీతలా కనబడుతున్నది. భోజనానికి రాగిముద్ద, వేరుసెనగ చట్నీ. నీళ్లు మాత్రం సీసా నీళ్లే తాగమన్నారు. యీ సీమ బావుల్లో ఫ్లోరైడు యెక్కువ.

అన్నగారికి నిద్ర పట్టలేదు. ‘వేరే వారసులు లేరు అని వ్రాసి ప్రమాణం చేస్తే అబద్ధ ప్రమాణం కాదా?’ అని అడిగారు. రైల్వేలో ముప్పై యేండ్లు పనిచేసి ఒక్క దొంగ బిల్లు పెట్టని మనిషి. మాకు తెలిసిన చట్టం చెప్పాము. అదే పాఠకులకూ చెబుతాము.

డి.ఎన్.ఎ.తో మనిషిని గుర్తుపట్టవచ్చునని ఇంగ్లండులో లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ గారు 1984 సెప్టెంబరులో కనిపెట్టారు. దాన్ని మొట్టమొదట వాడింది హంతకుణ్ణి పట్టుకోవడానికి కాదు, తల్లి బిడ్డల వ్యవహారంలోనే. ఘానా దేశం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు నిజంగా ఆ తల్లి కొడుకేనని 1985లో తేల్చి, దేశం నుంచి పంపేయకుండా ఆపారు. మన దేశంలో యీ విద్యకు పాదు కట్టింది హైదరాబాదే. అక్కడి సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ గారు స్వంతంగా పద్ధతి తయారుచేశారు. కేరళలో ఒక తల్లి తన బిడ్డకు మనోవర్తి కావాలని కోర్టుకెక్కితే, బిడ్డ నాది కాదని ఆ మగవాడు అన్నాడు. రక్తం హైదరాబాదు వచ్చింది. బిడ్డ అతనిదేనని తేలింది. 1991లో కేరళ హైకోర్టు ఆ సాక్ష్యాన్ని ఒప్పుకొన్నది. మన దేశంలో డి.ఎన్.ఎ. కోర్టుమెట్లు యెక్కింది ఆ తల్లి కేసుతోనే. లాల్జీ సింగ్ గారు 2017 డిసెంబరులో పోయారు.

తరువాత దేశమంతా చెప్పుకున్న కేసు నారాయణదత్తు తివారీ గారిది. ఆయన ఉత్తరప్రదేశ్‌కూ ఉత్తరాఖండ్‌కూ ముఖ్యమంత్రి చేసి, 2007 నుంచి 2009 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాదు రాజభవనంలో వున్నారు. ఆయన గవర్నరుగా వుండగానే, 2008లో, రోహిత్ శేఖర్ అనే యువకుడు ఢిల్లీ హైకోర్టులో దావా వేశాడు, నా తండ్రి యీయనే అని. అతడు పుట్టినప్పుడు అతని తల్లి వేరొకరి భార్య. తివారీ గారు రక్తం యివ్వనన్నారు. 2010 డిసెంబరులో కోర్టు యివ్వమన్నది. యింకా యివ్వలేదు. చివరకు అవసరమైతే పోలీసుల సాయమైనా తీసుకొనండి అన్నంతవరకు వచ్చింది. 2012 మే 29న డెహ్రాడూనులో ఆయన యింట్లోనే రక్తం తీశారు. ఆయనకు అప్పటికి యెనభైఆరు యేండ్లు. ఆ రక్తం వచ్చి చేరిందెక్కడికి? ఆయన గవర్నరుగా యేలిన హైదరాబాదుకే, అక్కడి సి.డి.ఎఫ్.డి. ప్రయోగశాలకు. జులై 27న కోర్టులో కవరు విప్పారు. తండ్రి ఆయనే. పరీక్ష కష్టమైనదేమీ కాదు. డి.ఎన్.ఎ.లో కొన్ని నిర్ణీతమైన చోట్ల ప్రతి మనిషికీ రెండేసి అంకెలు వుంటాయి, ఒకటి తల్లి యిచ్చింది, ఒకటి తండ్రి యిచ్చింది. తల్లిది తీసివేస్తే మిగిలినది తండ్రి దగ్గర వుండాలి. పది పదిహేను చోట్ల అన్నిటా వుంటే యిక సందేహానికి చోటు లేదు. 2014లో తివారీ గారు ‘నా కొడుకే’ అని లోకం యెదుట ఒప్పుకొని, ఆ తల్లిని పెండ్లాడారు. తండ్రి 2018లో పోయారు, కొడుకు ఆ మరుసటి యేడే పోయాడు.

‘మరి మన ముసలాయనకూ అదే చట్టం గదా?’ అన్నారు అన్నగారు.

కాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 112వ సెక్షను అని ఒకటి వుండేది. 2024 జులై నుంచి కొత్త చట్టంలో అదే 116గా వచ్చింది. భార్యాభర్తల కాపురం నిలిచివుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అని దాని సారాంశం. బిడ్డ కడుపున పడే కాలంలో యిద్దరూ కలుసుకునే అవకాశమే లేదని రుజువు చేస్తే తప్ప దాన్ని కదిలించరాదు. డి.ఎన్.ఎ. అన్న మాట పుట్టకముందు వ్రాసిన సూత్రం. ఢిల్లీ హైకోర్టు తివారీ కేసులో, చట్టబద్ధమైన పుట్టుక వేరు, కన్నతండ్రి యెవరన్నది వేరు అని రెంటినీ విడదీసి చూచింది. 2025 జనవరిలో కేరళ నుంచి వచ్చిన మరొక కేసులో సుప్రీంకోర్టు అట్లా విడదీయడానికి ఒప్పుకోలేదు. కాపురంలో పుట్టిన బిడ్డకు ఆ భర్తే తండ్రి, బయటి మనిషిని రక్తం యిమ్మనడం కూడదు అన్నది. కాబట్టి ఆ పెద్దాయన చట్టం కంటికి తనను పెంచిన తండ్రి కొడుకే. వంశవృక్షంలో ఆయన కొమ్మ వుండవలసినది ఆయన యింటి చెట్టుకే. ప్రమాణంలో అబద్ధం లేదు.

అన్నగారు విన్నారు. ‘చట్టానికి అబద్ధం కాదు’ అన్నారు. ఆ మాటను అక్కడే విడిచి అటు తిరిగి పడుకున్నారు.

మరునాడు మేనత్తగారి వూరికి బయలుదేరాము. నాగలమడికె వైపు. త్రోవలో తిరుమణి వస్తుంది. అక్కడ చూడవలసినది సూర్యరశ్మి పార్కు. తిరుమణి, బలసముద్ర, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు అనే అయిదు వూళ్ల భూమి, పదమూడువేల యెకరాలు. రెండువేల యాభై మెగావాట్లు. 2018 మార్చి 1న ప్రారంభోత్సవం అయినది. రైతుల దగ్గర భూమి కొనలేదు, గుత్తకు తీసుకున్నారు. యెకరానికి యేడాదికి ఇరవైయొక్కవేలు, రెండేండ్లకొకసారి నూటికి అయిదు పెంపు. వాన కోసం తరతరాలుగా మొగం పైకెత్తి చూచిన సీమ యిప్పుడు యెండను అమ్ముకుంటున్నది. గాజుపలకలు కనుచూపు మేర ఒకే వాలులో పడుకొని వున్నవి. అందంగా వున్నదని మా యింటావిడ అన్నది. మాకు అంతగా నచ్చలేదు. గొర్రెలు తోలుకుపోయే దారులు కంచెల నడుమ చిక్కుకున్నవి. కౌలు వచ్చేది పహణీలో పేరున్నవాడికి, ఆ భూమిలో కూలి చేసి బ్రతికినవాడికి యేమీ రాదు. ఆ మాట అనుకుంటుండగానే మా పని మాకు గుర్తుకు వచ్చింది.

మేనత్తగారికి యెనభైనాలుగు. కండ్లు తక్కువ, చెవులు నిండుగా వున్నవి. కాళ్లకు దండం పెట్టి కూర్చున్నాము. అలసందల పులుసు, జొన్నరొట్టె పెట్టించింది. తిన్నదాకా మాట యెత్తనివ్వలేదు. తరువాత అన్నగారు, యెక్కడ మొదలుపెట్టాలో తెలియక, గొట్టం దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పారు. చిన్నతాతగారై వుంటారని మనవాళ్లు అనుకుంటున్నారన్నది కూడా చెప్పారు.

అత్త చాలాసేపు యేమీ అనలేదు. తమలపాకు ఈనె తీస్తూ కూర్చున్నది.

‘చచ్చిపోయిన మీ చిన్నతాత మీద పెట్టొద్దు నాయనా. ఆయప్ప ఆ పాపం యెరగడు. వాడు మా నాయన కొడుకే. నాకు పదేండ్లున్నప్పుడు మా యమ్మ చెప్పింది.’

అన్నగారు తల వంచుకున్నారు. తనకు తండ్రి తండ్రి, గోడమీది పటం, ఆమెకు నాయన. ఆమె గొంతు మాత్రం వణకలేదు.

ఆమె చెప్పినది యిది. పంట వచ్చిన ప్రతి యేడూ ఒక మూట రాగులు, ఒక మూట వేరుసెనగలు ఆ యింటికి పోయేవి. తాతగారు పంపేవారు కారు. అవ్వ మోసుకుపోయేది. చీకటి పడినాక, తల మీద పెట్టుకొని, వూరి బయటి దారిన. ఆ యింటి మనిషి, ఆయమ్మ, వాకిట్లో తీసుకునేది. యిద్దరూ మాట్లాడుకునేవారు కాదట. పాపకు నిండా వయస్సు వచ్చినాక అత్తే ఒకసారి తల్లిని అడిగింది, నీకు కోపం లేదా అని. ‘ఎవరి మీద?’ అన్నదట అవ్వ.

మా యింటావిడ మెల్లగా అడిగింది. ‘ఆమె యిష్టంతోనే జరిగిందా అత్తా?’

‘మా చేన్లో కూలికొచ్చే మనిషికి యిష్టమేంది, కష్టమేంది. ఆయమ్మను ఎవరడిగిరి? నేనూ అడగలేదు.’

యీ ఒక్క సంగతి నూటికి నాలుగు అన్న అంకెలో లేదు. హైదరాబాదు ప్రయోగశాలలో కూడా దొరకదు. కేరళలో ఆ తల్లి కోర్టుకు వచ్చి తన నోటితో చెప్పుకున్నది, డెహ్రాడూను కేసులో తల్లీ కొడుకూ కలిసి నిలబడ్డారు. మా వూరి ఆయమ్మ చెప్పుకోవడానికి చోటు లేదు, అడగడానికి మనిషి లేడు. పోయి చాలాయేండ్లయింది.

కోతలు అయినాక గోత్రాలు చెప్పేవాళ్లు వచ్చేవారట యెద్దు మీద. కన్నడసీమలో హెళవలు, తెలుగుసీమలో పిచ్చుకగుంట్లవారు అని పేర్లు. రెండు పేర్లకూ కుంటివాడనే అర్థం చెబుతారు. అన్నదమ్ములలో కుంటివాడికి భూమిలో భాగం లేక, అన్నల వంశం పొగిడి గింజలు తెచ్చుకునే పని వచ్చిందని ఒక కథ. వాళ్లు మా యింటి వాకిట్లో నిలబడి యేడు తరాల పేర్లు యేకబిగిన చదివేవారట. ‘ఆ వల్లెలో వాని పేరు రాలేదు. వాళ్ల యింటి ముందర యెవరూ నిలబడి చదవలేదు’ అన్నది అత్త.

‘ఆయనకు తెలుసునా?’ అని అడిగాము. ఇదే మేము మోసుకువచ్చిన ప్రశ్న. అమెరికాలో ఆ అమ్మాయి జాబుకు బదులు వ్రాయాలి గదా. నిజం వ్రాస్తే అది తిరిగి తిరిగి యెనభై యేండ్ల మనిషి నెత్తిన పడుతుంది. వ్రాయకపోతే, అడిగిన పిల్లకు తెలిసి తెలిసి అబద్ధం చెప్పినట్టు.

‘తెలుసు. మా నాయన పోయినప్పుడు వాడు మా యింటికి రాలేదు. పీనుగ లేచేటప్పుడు చింతమాను క్రింద నిలబడినాడు. మూడోనాడు సంతలో కనిపించె, నున్నగా గుండు. ఎవరో అడిగిరి ఏమప్పా అని. తిరుపతి మొక్కు అన్నాడు. తిరుపతికి యాడ పోయినాడు వాడు, నిన్న చేన్లో వుండె.’

అత్త తమలపాకు మడిచి నోట పెట్టుకున్నది.

‘తెలుసు గాని చెప్పలేదు. పెంచినాయన వుండె గదా. ఆయప్ప బంగారట్లా చూసుకున్నాడు వాణ్ణి. ఆయప్పకూ తెలిసేవుంటాది. తెలిసి భుజాన యెత్తుకొని తిరిగినాడు. యిప్పుడు మీరు పోయి, నీవు మావాడివి అంటే, ఆయప్పను యేం చేస్తారు?’

అన్నగారు భూమి సంగతి యెత్తారు. చట్టం యెట్లా వున్నా, ఆరెకరాలలో ఆయనకు యేదైనా యివ్వడం న్యాయం కాదా అని. అత్త యిట్లా అన్నది: నా భాగం యెంతో లెక్కపెట్టు, అది నా యిష్టం, ఎవరికిస్తానో నేను చెప్తా. అయితే వంశవృక్షంలో పేరు వ్రాసి ఆ కాగితం తాసీల్దారు కచేరీలో పెడితే, నోటీసుబోర్డుకు అంటిస్తారు, తలారి చదువుతాడు, సంతలో ఆయమ్మను చచ్చినాక మళ్లీ యీడుస్తారు. అది మాత్రం వద్దు. మేము ఆఫీసు మనుష్యులం కాబట్టి దారి చెప్పాము. ఖాతా అయినాక ఆమె భాగం ఆమె దానంగానో వీలునామాగానో వ్రాసుకోవచ్చు, కారణం చెప్పవలసిన పనిలేదు. అన్నగారు, తన భాగంలో నుంచి కూడా, అన్నారు. మేము వెంటనే ఏమీ అనలేకపోయాము. మాకు ఇద్దరు పిల్లల చదువులున్నవి. మా యింటావిడ మా వైపు చూడకుండానే, ‘మాదీ కలపండి’ అన్నది.

యిక ఆ అమ్మాయికి యేమి వ్రాయాలి. అత్తే తీర్పు చెప్పింది. ‘ఆ మాట వానిది. చెప్పేదీ చెప్పనిదీ వాని యిష్టం. మన వూరు పేరు చెప్పు, మీ తాతను అడుగమ్మా అను. అంతే.’ తరువాత పటం వున్నదా అని అడిగింది. అన్నగారు టెలిఫోనులో ఆ అమ్మాయి బొమ్మ చూపించారు. అత్త కండ్లకు ఆనించుకొని చూచింది. కనబడలేదు కాబోలు. ‘ముక్కు యెట్లుంది చెప్పు’ అన్నది. మా యింటావిడ చెప్పింది.

తిరిగివచ్చేటప్పుడు నాగలమడికెలో దిగాము. ఉత్తర పినాకిని గట్టున సుబ్రహ్మణ్యస్వామి గుడి. కుక్కె ఆది, ఘాటి మధ్య, యిది అంత్య సుబ్రహ్మణ్యం అని మూడింటినీ కలిపి చెప్పుకుంటారు. కుక్కెకు నడిచిపోలేని ఒక ముసలి భక్తుడికి స్వామి యిక్కడే నాగలికొనకు తగిలి దొరికాడని కథ. అందుకే ఆ పేరు. పుష్యమాసంలో షష్ఠినాడు తేరు. ఏటిలో నీళ్లు లేవు, యిసుక వున్నది. గుడిలో నాగప్రతిష్ఠలకు బిడ్డలు కావాలని వచ్చినవారు పాలు పోస్తున్నారు.

నాడకచేరిలో కాగితాలు యిచ్చాము. అన్నగారు సంతకం పెట్టారు. గ్రామలెక్కాధికారి మహజరు చేసి, నోటీసు అంటించి, గడువు దాటినాక ఖాతా మారుస్తామన్నారు. రసీదు యిచ్చారు. వంశవృక్షంలో తొమ్మిది పేర్లు వున్నవి.

అన్నగారి అమ్మాయి అత్త చెప్పినట్టే వ్రాసింది. మాదీ అదే వూరు, మీ తాతగారిని అడుగు అని. రెండురోజులు జవాబు లేదు. మూడోనాడు వచ్చింది. ఆదివారం తాతగారికి ఫోను చేశానని, గంటసేపు మాట్లాడారని, అంతసేపు ఆయన యెప్పుడూ మాట్లాడలేదని వ్రాసింది. యేమి మాట్లాడారో మా అమ్మాయి అడగలేదు. జాబు చివర ఆ పిల్లే ఒకటి అడిగింది: పుష్యమాసంలో వూళ్లో తేరు వుంటుందట, మీవాళ్లు యెవరైనా వస్తారా, తాతగారు కనుక్కోమన్నారు అని.